అభిప్రాయంలో తేడా ఉండొచ్చు, మనిషినే ‘తేడా’ అంటేనో?

ప్రశ్న: మేడమ్, నమస్కారం. నాకు 54 ఏళ్లు. విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఉంటాం. మా చెల్లెలు వాళ్లది విజయనగరం. వాళ్ల అబ్బాయికి 26. రుషికొండలో ఐటీ ఉద్యోగం వచ్చాక రెండేళ్లుగా మా ఇంట్లోనే ఉన్నాడు. మంచి కుర్రాడు. ఇంటర్ ఫస్టియర్ చదివే మా అబ్బాయికి లెక్కలు చెప్పేవాడు. పోయిన ఆషాఢంలో నాతో పాటు సింహాచలం గిరిప్రదక్షిణ చేశాడు. మా అమ్మాయిని వాడికే ఇద్దామని చిన్నప్పుడు అనుకున్న మాట కూడా ఉంది. సంక్రాంతికి అందరం విజయనగరంలో కలిసినప్పుడు పెళ్లి మాటెత్తితే, తాను గే అని చెప్పేశాడు. నేను కొట్టలేదు, తిట్టలేదు. ఇంట్లో ఎదిగే పిల్లాడున్నాడు కాబట్టి వేరే రూమ్ చూసుకోమన్నాను, అంతే. వాడు వెళ్లేదాకా ఆ పది రోజులూ మా ఆవిడ జాగ్రత్తకని వాడి కంచం, గ్లాసు విడిగా పెట్టింది. వాడి అన్నప్రాశనకు నేనే పేరు కొట్టించి ఇచ్చిన స్టీలు కంచం అది. ఇప్పుడు అటక మీదుంది. ‘బావ ఎందుకెళ్లిపోయాడు’ అని అబ్బాయి అడిగితే ఆఫీసుకి దగ్గరని చెప్పాం. మా చెల్లెలు పెళ్లి చేసేస్తే సర్దుకుంటాడని సంబంధాలు చూస్తోంది, ట్రీట్‌మెంట్ ఉందేమో అని కూడా కనుక్కుంటోంది. నేను అడ్డు చెప్పలేదు. బీచ్‌లో వాకింగ్‌కి వచ్చే స్నేహితుడొకాయన ‘ఏటండీ, మీ ఇంట్లోనూ తేడా కేసుందంట కదా’ అని నవ్వితే నేనూ నవ్వేసి ఊరుకున్నాను. మా అమ్మాయి (24) నాతో సరిగ్గా మాట్లాడటం మానేసింది. ‘నీది అభిప్రాయం కాదు నాన్నా, వివక్ష’ అంటోంది. నాకిది తప్పనిపిస్తుంది. సుప్రీంకోర్టు కూడా ఈ పెళ్లిళ్లు కుదరవంది కదా. నా అభిప్రాయం నాకు ఉండకూడదా? అభిప్రాయం ఎక్కడ ఆగుతుంది, వివక్ష ఎక్కడ మొదలవుతుంది? పేరు వేయకండి.

సమాధానం:

నమస్కారమండీ. మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడుసార్లూ కంచం దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను. దాని సంగతి తర్వాత మాట్లాడతాను. ముందు మీరు అడిగినదానికి జవాబు చెప్పాలి, ఎందుకంటే మీరు నిజాయతీగానే అడిగారు. కంచం సంగతి మీరు రాయకుండా దాచేయొచ్చు, దాచలేదు.

మీ అభిప్రాయం మీకు ఉండొచ్చు. పెళ్లంటే ఒక అమ్మాయి, ఒక అబ్బాయి, పందిరి, తలంబ్రాలు అని చూస్తూ పెరిగారు. అలా పెరిగిన మనిషికి, పండగ పూట, సొంత మేనల్లుడి నోట ఆ మాట వింటే గుండెల్లో రాయి పడ్డట్టే ఉంటుంది. ‘నాకు మింగుడు పడట్లేదురా’ అని మీరు అన్నా, ‘నా నమ్మకం ప్రకారం ఇది సరైంది కాదు’ అన్నా, అంతమాత్రానికే మీది వివక్ష అంటే నేను ఒప్పుకోను. మీ అమ్మాయి ఆ మాట ఆ రాత్రే అనేసి ఉంటే తొందరపడిందనే చెబుతాను. అర్థం కాకపోవడం నేరం కాదు. అర్థం చేసుకోవడానికి టైమ్ పడుతుంది, మీ అమ్మాయి కూడా ఆ టైమ్ మీకివ్వాలి.

చట్టం మీద కూడా మనుషులు నిజాయతీగానే విభేదించవచ్చు. మీరు చెప్పిన తీర్పు 2023 అక్టోబరు 17 నాటిది. ఆ కేసు వేసిన జంటల్లో ఒక జంట మన హైదరాబాద్‌లో ఉండేవాళ్లే. పెళ్లి చేసుకోవడం ప్రాథమిక హక్కు కాదనీ, 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టాన్ని మార్చాలంటే పార్లమెంటే మార్చాలనీ ఐదుగురు న్యాయమూర్తులూ ఒకే మాట అన్నారు. పెళ్లి అని పిలవకపోయినా, ఈ జంటలకు ఏదో ఒక చట్టబద్ధమైన గుర్తింపు హక్కుగా ఉండాలా అన్న దగ్గర మాత్రం ముగ్గురు కాదన్నారు, ఇద్దరు అవునన్నారు. ఇదీ అభిప్రాయ భేదమంటే. మీరు ఆ ముగ్గురి వైపు ఉంటానంటే ఉండండి, నేను ఇద్దరి వైపు ఉంటాను, అయినా మనం కలిసి కాఫీ తాగొచ్చు.

అయితే ఒకటి గమనించండి. ఆ తీర్పు పెళ్లి చట్టం గురించి. మేనల్లుడిని గది ఖాళీ చేయించడం గురించి అందులో ఒక్క ముక్క లేదు. అదే సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న, వయసొచ్చినవాళ్లు ఇద్దరు, ఇద్దరూ మగవాళ్లైనా ఆడవాళ్లైనా, ఇష్టపడి కలిసి ఉంటే అది నేరం కాదని తేల్చింది. అంతకుముందు దాకా, 1860లో ఇంగ్లిషువాళ్లు రాసిపెట్టిన శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్ కింద జీవిత ఖైదు వేసే వీలు కూడా ఉండేది. మన సంప్రదాయం అనుకుంటూ మనం మోసింది వాళ్లు రాసిన సెక్షన్‌ని. 2018 తీర్పులో జస్టిస్ ఇందూ మల్హోత్రా, ఈ మనుషులకూ వాళ్ల కుటుంబాలకూ చరిత్ర క్షమాపణ చెప్పాలని రాశారు. కుటుంబాలకు కూడా అని రాశారు, చూడండి. అందులో మీ చెల్లెలుంది, మీరూ ఉన్నారు. 2023 తీర్పు తర్వాత కూడా ప్రభుత్వం పూర్తిగా తలుపు మూసేయలేదు. ఇలాంటి జంటలు బ్యాంకులో జాయింట్ ఖాతా తెరవడానికి అడ్డేమీ లేదనీ, రేషన్ కార్డు విషయంలో వాళ్లను ఒకే ఇంటివాళ్లుగా చూడాలనీ 2024లో కేంద్రం స్పష్టం చేసింది. కాబట్టి కోర్టు పేరు చెప్పి మీరు చేసినదానికి కోర్టు బాధ్యత లేదు. ఇల్లు మీది. అందులో ఎవరిని ఉంచుకోవాలో మీ ఇష్టం, ఏ పోలీసూ వచ్చి అడగడు. నేను అడుగుతున్నాను, ఎందుకు పంపించారు?

ఎదిగే పిల్లాడున్నాడు కాబట్టి అని రాశారు. గీత దాటింది ఇక్కడేనండీ.

రెండేళ్ల కిందటికి వెళ్లండి. అప్పుడు మీ ఇంట్లో 22 ఏళ్ల ఆడపిల్ల ఉంది. 24 ఏళ్ల కుర్రాడిని తెచ్చి ఇంట్లో పెట్టుకున్నారు. మీరు ఆఫీసుకి, మీ ఆవిడ మార్కెట్‌కి వెళ్లిన పూటలు ఎన్నో ఉంటాయి. ఒక్కరోజైనా మీకు టెన్షన్ పుట్టిందా? పుట్టలేదు. లోకంలో ఆడపిల్లల్ని వేధించే మగవాళ్లు లేరని కాదు, మీ వాడు అలాంటివాడు కాదని మీకు తెలుసు. వాడి చూపు తెలుసు, మాట తెలుసు, నడత తెలుసు. అదే నమ్మకంతో మీ అబ్బాయిని కూడా రోజూ రాత్రి ఒక గదిలో వాడి పక్కన లెక్కలకు కూర్చోబెట్టారు. సంక్రాంతి తర్వాత ఆ నడత ఎక్కడికి పోయింది? వాడు ఏ తప్పూ చెయ్యలేదు. మీ అబ్బాయి ఏ ఫిర్యాదూ చెయ్యలేదు. ఒక్క పదం మీ చెవిన పడింది, ఇరవయ్యారేళ్లుగా మీ కళ్లతో చూసిందంతా ఆ ఒక్క పదం ముందు చెల్లకుండా పోయింది. మీ అమ్మాయి వివక్ష అంటున్నది దీన్నే. నమ్మకం ఏదైనా కావచ్చు, అది కళ్లెదుట ఉన్న మనిషిని కనపడకుండా చేసిందంటే ఇక దాన్ని అభిప్రాయం అనలేం.

తన ఈడు మగవాడిని ఇష్టపడేవాడు వేరు, పసిపిల్లల మీద చెయ్యేసేవాడు వేరు. రెండోదానికి 2012లో వచ్చిన పోక్సో చట్టం ఉంది. అది నేరం చేసినవాడు ఎవరా అని చూస్తుంది గానీ, వాడు ఆడవాళ్లను ఇష్టపడతాడా మగవాళ్లను ఇష్టపడతాడా అని చూడదు. 2007లో కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ చేయించిన అధ్యయనంలో, పిల్లల్ని లైంగికంగా వేధించినవాళ్లలో సగం మంది ఆ పిల్లలకు తెలిసినవాళ్లో, నమ్మకమైన స్థానంలో ఉన్నవాళ్లో అని తేలింది. మీ అబ్బాయి క్షేమం గురించి భయం ఉంటే, ఎవరైనా తప్పుగా ముట్టుకుంటే వెంటనే వచ్చి చెప్పమని వాడికి నేర్పండి. ట్యూషన్ మాస్టారైనా, చుట్టమైనా, పక్కింటాయనైనా. ఆ జాగ్రత్త వాడిని కాపాడుతుంది. బావని పంపించేసినందువల్ల వాడికి పోయింది లెక్కల మాస్టారు మాత్రమే.

ఇక కంచం.

అన్నప్రాశనకి మేనమామ పాయసం తినిపిస్తాడు. మీరే తినిపించి ఉంటారు, మీరే ఆ కంచం కొన్నారు. దుకాణంలో కూర్చుని, పేరు కొట్టేవాడికి అక్షరాలు చెప్పి, చుక్కచుక్కగా ఆ పేరు స్టీలు మీద పడుతుంటే చూసి ఉంటారు. వాడు దాన్ని పాతికేళ్లు దాచుకుని, ఉద్యోగానికి వస్తూ విజయనగరం నుంచి మావయ్య ఇంటికి తెచ్చుకున్నాడు. పది రోజుల పాటు వాడు ఆఫీసు నుంచి వచ్చి, చేతులు కడుక్కుని, అందరి కంచాలూ ఒక చోట, తన కంచం సింకు పక్కన బోర్లించి ఉండటం చూశాడు. చూసి ఏమీ అనకుండా అందులోనే అన్నం తిన్నాడు. ఆ కంచం ఇప్పుడు అటక మీదుందంటే, వెళ్లేటప్పుడు వాడు దాన్ని తీసుకెళ్లలేదన్నమాట. మర్చిపోయాడని నేననుకోను.

విడి గ్లాసు అనగానే మన ఊళ్లలో కొన్ని టీ కొట్ల దగ్గర దళితులకు విడిగా గ్లాసు పెట్టిన రెండు గ్లాసుల పద్ధతి గుర్తొస్తుంది నాకు. అక్కడ కూడా ‘మేం వాళ్లని ఏమీ అనలేదు, టీ పోస్తూనే ఉన్నాం కదా’ అనేవాళ్లు. తిట్టలేదు, కొట్టలేదు అని మీరు రాసింది నిజమే. ఆ గ్లాసు కూడా ఎవరినీ తిట్టలేదు. గే అవడం అంటువ్యాధి కాదు. అంటుకోవడానికి అది అసలు జబ్బే కాదు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1973లోనే దీన్ని జబ్బుల జాబితాలోంచి తీసేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 మే 17న తీసేసింది. మన దేశంలోని మానసిక వైద్యుల సంఘం కూడా 2018లో ఇది వ్యాధి కాదని గట్టిగా చెప్పింది. కాబట్టి మీ చెల్లెలు వెతుకుతున్న ట్రీట్‌మెంట్ అనేది లేదు. పైగా, మారుస్తామని చేసే ‘చికిత్స’ డాక్టరు వృత్తిధర్మానికి విరుద్ధమని జాతీయ వైద్య కమిషన్ 2022లో ప్రకటించింది. ఎవరైనా డబ్బు తీసుకుని మారుస్తానంటే అది మోసం, ఆ మాట మీ చెల్లెలికి మీరే చెప్పండి. అన్నయ్య చెబితే వింటుంది.

పెళ్లి సంగతి కూడా మీరే చెప్పాలి. ఇక్కడ మీ మీద నాకు కోపం వచ్చిందని దాచను. ‘అడ్డు చెప్పలేదు’ అని ఎంత తేలిగ్గా రాశారండీ.

నాకు తెలిసిన ఒకావిడ ఉంది. ఆవిడకు పెళ్లై పదకొండేళ్లు. భర్త మంచివాడు, జీతం తెచ్చి చేతిలో పెట్టేవాడు, ఒక్క చెడ్డ అలవాటు లేదు. రాత్రయితే గోడవైపు తిరిగి పడుకునేవాడు. లోపం తనలోనే ఉందనుకుంది ఆవిడ. అన్నం మానేసి బరువు తగ్గింది. శుక్రవారాలు ఉపవాసాలు చేసింది. ఆసీల్‌మెట్ట సంపత్ వినాయకుడికి మొక్కుకుంది. పిల్లల్లేరని అత్తగారు పది మందిలో ఆవిణ్నే అనేది, ఆయన తలొంచుకుని కూర్చునేవాడు. ఒకరోజు ఆయనే ఏడుస్తూ నిజం చెప్పాడు. ఇంట్లోవాళ్లకు ముందే తెలుసట, పెళ్లైతే సర్దుకుంటాడనుకున్నారట. ఆవిడ నా దగ్గర కూర్చుని, ‘నా వయసు పోయింది అక్కా, ఆయనదీ పోయింది. ఎవరిని తిట్టాలో కూడా తెలియట్లేదు’ అంది. నేనేం చెప్పగలను? మంచినీళ్లిచ్చాను.

మీ మేనల్లుడు ఆ పని చెయ్యనన్నాడు. పీటల మీద కూర్చోకముందే, అందరి ముందూ, నిజం చెప్పాడు. చిన్నప్పుడు అనుకున్న మాట ప్రకారం మీరు ముహూర్తం పెట్టేసి ఉంటే ఆ పదకొండేళ్లు మీ అమ్మాయివి అయ్యేవి. వాడి నిజం మీ అమ్మాయిని కాపాడింది. ఆ మేలు పొందిన తండ్రి అయ్యుండి, ఎవరో ఇంకొకళ్ల ఇంటి ఆడపిల్లని అదే గోతిలోకి తోస్తుంటే అడ్డు చెప్పకుండా ఎలా ఉన్నారు? ఈ వారంలోనే విజయనగరం వెళ్లండి. ఫోన్లో చెప్పే మాట కాదిది. మీ చెల్లెలు ఏడుస్తుంది, ఏడవనివ్వండి. నలుగురూ ఏమంటారోనని భయపడుతుంది. ఆ నలుగురిలో పెద్దవాడు మీరే కదా, మీరు పక్కన నిలబడితే సగం భయం అక్కడే తీరుతుంది.

వాకింగ్ స్నేహితుడి మాట చిన్నదిగా అనిపించి ఉంటుంది మీకు. ‘తేడా’. ఎంత మామూలు మాట చూడండి, రుచిలో తేడా, లెక్కలో తేడా అని రోజుకు పదిసార్లు వాడతాం. మనిషికి తగిలించేసరికి వాడి చదువు, ఉద్యోగం, మంచితనం అన్నీ పోయి ఆ రెండక్షరాలే మిగులుతాయి. మర్యాదగా రాసే పత్రికల్లో కూడా చాలాకాలంగా ‘స్వలింగ సంపర్కులు’ అనే వేస్తున్నారు. మొగుడూ పెళ్లాలను మనం ఎవరమైనా సంపర్కులు అంటామా? దంపతులంటాం, ఆలుమగలంటాం. వాళ్ల విషయం వచ్చేసరికి పడగ్గది తప్ప ఇంకేదీ కనపడనట్టు పేరు పెట్టేశాం. మనిషిలో ప్రేమ, బెంగ, అలక, ఆశ ఉంటాయన్న సంగతే ఆ పేరులో లేదు. వాడు తన గురించి ‘గే’ అన్నాడు కదా, ఆ మాటే వాడండి, చాలు.

నేను పనిచేసిన ఒక కాలేజీ స్టాఫ్‌రూమ్‌లో ఒక జూనియర్ లెక్చరర్ మీద ఇలాగే జోకులు వేసేవాళ్లు. నడక మీద, గొంతు మీద. అతను నవ్వుతూ పేపర్లు దిద్దుకునేవాడు. నేను నవ్వలేదు, కానీ ఆపలేదు కూడా. సంవత్సరం మధ్యలో ఉద్యోగం వదిలేసి వెళ్లిపోయాడు. వెళ్లేరోజు నా టేబుల్ దగ్గరకొచ్చి ‘మీరెప్పుడూ నవ్వలేదు మేడమ్, థాంక్స్’ అన్నాడు. ఆ థాంక్స్ నాకు ఈరోజుకీ ముల్లులా గుచ్చుకుంటుంది. నేను ఒక్క మాట అని ఉంటే అతను ఉండేవాడేమో. అందుకే మీకు చెబుతున్నాను. రేపు బీచ్‌లో ఆయన మళ్లీ అంటే, ‘వాడు నా మేనల్లుడండీ, అలా అనకండి’ అనండి. అంతకుమించి ఉపన్యాసం అక్కర్లేదు. ఆయన రెండు రోజులు ముఖం ముడుచుకుంటాడు, మూడో రోజు మామూలుగానే వస్తాడు.

మీ అబ్బాయికి అబద్ధం చెప్పారు. ఇంటర్ చదివే పిల్లాడికి ఎంత తెలియదనుకుంటున్నారు? అటక మీది కంచం వాడికీ కనపడుతుంది. రేపు వాడికి ఏదైనా కష్టమొస్తే, అది ఏ కష్టమైనా సరే, ఈ ఇంట్లో నిజం చెబితే ఏమవుతుందో వాడు ఇప్పటికే చూసేశాడు. నాకు అన్నిటికంటే భయం వేసింది ఇక్కడే. వాడిని కూర్చోబెట్టి, ‘బావ గే అని చెప్పాడు, నాన్నకి భయం వేసి తొందరపడ్డాడు’ అని చెప్పండి. తండ్రి తప్పు ఒప్పుకుంటే పిల్లల దగ్గర చులకన కాడు.

మేనల్లుడికి ఏం చెప్పాలా అని మీరు తన్నుకులాడుతూ ఉంటారు. మీ నమ్మకం మారిపోయిందని చెప్పక్కర్లేదు. మారకపోతే మారిందనకండి, వాడికి అబద్ధం ఇట్టే తెలుస్తుంది. ‘ఒరే, నాకింకా పూర్తిగా అర్థం కాలేదు. కానీ నిన్ను పంపించడం తప్పు. కంచం విడిగా పెట్టడం ఇంకా తప్పు. ఇంటికి రా’ అనండి. వాడు వెంటనే రాకపోవచ్చు. ఆ రూమే బాగుందనొచ్చు. బలవంతపెట్టకండి, ఆదివారం భోజనానికి పిలవండి, రాకపోతే మళ్లీ ఆదివారం పిలవండి. ఒంటరిగా ఉన్నాడు కాబట్టి దిగులుగా ఉన్నట్టు, నిద్రపోనట్టు అనిపిస్తే ఊరికే వదిలేయకండి. మానసిక ఆరోగ్య సాయానికి టెలీ మానస్ వాళ్ల 14416 నంబరు ఉంది, ప్రభుత్వానిదే, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. అది వాడిని మార్చడానికి కాదు, వాడి బాధ వినడానికి. మీకు నిద్ర పట్టకపోతే మీరూ చెయ్యొచ్చు.

వచ్చే ఆషాఢ పౌర్ణమికి గిరిప్రదక్షిణకు వెళ్తారు కదా. 32 కిలోమీటర్లు చెప్పుల్లేకుండా మీ పక్కన నడిచిన కుర్రాడు వాడు. అప్పుఘర్ దగ్గర సముద్ర స్నానానికి దిగినప్పుడు అలకి మీ కాలు జారకుండా మీ చెయ్యి ఎవరు పట్టుకున్నారో నాకు తెలియదు, మీకు తెలుసు.

ఈ ఉత్తరం చదవడం అయ్యాక స్టూలు వేసుకుని ఆ కంచం దించండి. మీ ఆవిడ చేత దింపించకండి, మీరే దించండి. కడిగి, మిగతా కంచాలతో కలిపి స్టాండులో పెట్టండి. తర్వాత మీ అమ్మాయిని పిలిచి, బావకి ఫోన్ కలపమనండి.